దేవి ఎత్తిన చెయ్యి

శుక్రవారం మీటింగులో ఆ చెయ్యి ఎత్తింది దేవేనని నమ్మడానికి తబస్సుమ్‌కి తెల్లారేదాకా పట్టింది.

మద్దిలపాలెం దగ్గర వాళ్ళిద్దరూ పాఠాలు చెప్పే పీజీ కాలేజీలో, ఎమ్మెస్సీ మ్యాథ్స్ ఆఖరి సెమిస్టర్‌కి ఆల్జీబ్రాయిక్ నంబర్ థియరీ అనే కొత్త పేపర్ రాబోతోంది. తెప్పించింది తబస్సుమే. రెండేళ్ళు హెచ్చోడీ సీతారామాంజనేయులు గారి చుట్టూ తిరిగి ఒప్పించింది. ఇక ఏ పుస్తకం పెట్టాలన్నదే మిగిలింది. కమిటీ బల్ల మీదకి రెండు పుస్తకాలొచ్చాయి. ఒకటి చిన్నది. అంకెలతో మొదలై, ప్రతి అధ్యాయంలోనూ చేతులారా లెక్కలు చేయించి, మెల్లగా సిద్ధాంతంలోకి దింపుతుంది. రెండోది పెద్దది. మొదటి పేజీ నుంచీ సిద్ధాంతమే. అరవై పేజీలు తిప్పినా ఒక్క అంకె కనబడదు. కానీ చిన్నది ఆగిపోయిన చోటు నుంచి అది ఇంకా చాలా దూరం వెళ్తుంది.

వేసవి సెలవులంతా తబస్సుమ్, దేవి కలిసే ఆ రెండూ చదివారు. చిన్నదే పెట్టాలని కలిసే అనుకున్నారు. ఆ ధైర్యంతోనే తబస్సుమ్ మీటింగులో అరగంట మాట్లాడి కూర్చుంది. ఓటింగ్ దగ్గరికొచ్చేసరికి ఒక్క ఓటు తేడాతో పెద్ద పుస్తకం గెలిచింది. ఆ ఓటు దేవిది.

మీటింగ్ అయిపోయాక దేవి ఆగలేదు. ఫోన్ ఎత్తలేదు. శనివారం సెలవు పెట్టిందని స్టాఫ్‌రూమ్‌లో ఎవరో అన్నారు. తబస్సుమ్ మొదటి పీరియడ్ అవగానే బ్యాగ్ తగిలించుకుని, జంక్షన్‌లో భీమిలి బస్సెక్కేసింది.

రుషికొండ దాటేవరకూ ఏం అడగాలో మాటలు కూర్చుకుంటూనే ఉంది. ఎమ్మెస్సీలో మొదటి రోజు నుంచీ దేవి ఆమె పక్క బెంచీ. వన్‌టౌన్‌లో తబస్సుమ్ వాళ్ళ డాబా మీద ఇద్దరూ కూర్చుని చదువుకుంటుంటే, తబస్సుమ్ తల్లి సర్దార్ బీ ఇద్దరికీ ఒకే పళ్ళెంలో వడ్డించేది. ఇద్దరికీ ఒకే కాలేజీలో ఉద్యోగాలొచ్చిన రోజున సర్దార్ బీ ముందు దేవి నోట్లోనే మిఠాయి పెట్టింది. అలాంటి దేవి నిన్న బల్లకి అవతల వైపు కూర్చుని, తన కళ్ళలోకి చూడకుండా చెయ్యెత్తింది. మంగమారిపేట దగ్గర సముద్రం బస్సు కిటికీ దాకా వచ్చినట్టు కనిపించింది. తబస్సుమ్ దాన్ని చూడనేలేదు.

భీమిలిలో దేవి వాళ్ళ వీధి ఒడ్డుకి దగ్గర. ఇంటి ముందు టార్పాలిన్ పరిచి దేవి తల్లి నూకాలు నెత్తళ్ళు ఎండబెడుతోంది. తబస్సుమ్‌ని చూడగానే ఆమె ముఖం విప్పారింది.

"రా అమ్మా, రా. ఇంత ఎండలో వచ్చీసినావేటి? లోపల నీడనుంది సూడు అది. నిన్న కాలేజీ నుంచొచ్చిన కాడ్నుంచి ముద్ద ముట్టలేదు. ఒంట్లో బాలేదంటది, జొరం సూత్తే లేదు. నువ్వైనా అడుగు."

దేవి వరండాలో చాప మీద కూర్చుని ఇంటర్నల్ పరీక్ష పేపర్లు దిద్దుతోంది. తలెత్తింది. లేవలేదు.

"రావేటే," అంది.

తబస్సుమ్ కూర్చోలేదు. బస్సులో కూర్చుకున్న మాటలన్నీ ఎటో పోయాయి.

"ఎందుకు చేశావు?"

"కూకో ముందు."

"కూర్చోను. ఎందుకు చేశావో చెప్పు. ఆ పుస్తకం నీకు నచ్చిందా? నచ్చితే నాతో చెప్పొచ్చుగా? వేసవి అంతా నా పక్కనే కూర్చుని 'చిన్నదే మంచిది తబ్బూ' అన్నావు. నీ ఓటు ఉందన్న ధీమాతోనే నేను అందరి ముందూ అంతసేపు మాట్లాడాను. నువ్వు నన్ను అందరి ముందూ నిలబెట్టి, కింద కాళ్ళు లాగేశావు."

దేవి ఎర్రపెన్నుకి మూత పెట్టింది.

"కోపమొస్తే నీకు పాఠం సెప్పే తెలుగొచ్చేస్తాదే," అంది నెమ్మదిగా. "అరగంట మాట్లాడినావు. అందులో నా గురించి ఎంతసేపు మాట్లాడినావు?"

"నీ గురించా? నేను పుస్తకం గురించి మాట్లాడాను."

"మీటింగులో కాదు. అంతకు ముందు."

తబస్సుమ్‌కి అర్థం కాలేదు. దేవి పేపర్లు పక్కకి జరిపి లేచి నిలబడింది. ఇద్దరిలో దేవే పొడుగు. పదేళ్ళలో ఏనాడూ తబస్సుమ్‌కి ఆ సంగతి ఇంతగా తెలియలేదు.

"మీటింగుకి వస్తన్నాను. గుమ్మం కాడ కనకరత్నం మేడమ్ ఆపీసినారు. ఎప్పుడూ సూడలేదు నాను ఆవిణ్ణి. కమిటీకని బయట యూనివర్సిటీ నుంచొచ్చిన మనిషి. నా సెయ్యి పట్టుకుని, ఎంతో పేమగా, ఏటన్నారో తెలుసా? 'మీరేనా దేవి అంటే? మొదటి ఏడాది ఆల్జీబ్రాలో పోయిన అమ్మాయి? మీ ఫ్రెండు పక్కన కూర్చుని ముక్కముక్కా చెప్పి గట్టెక్కించిందట కదా. మీలాంటి వాళ్ళు ఈ స్థాయికి రావడం చాలా గొప్ప విషయమమ్మా' అన్నారు. నవ్వుతా అన్నారే. నన్ను మెచ్చుకుంటన్నాననుకుని అన్నారు."

తబస్సుమ్ భుజం మీది బ్యాగ్ దించి గోడకి ఆనించింది.

"నానేటి అనాల? థాంక్స్ అన్నాను. అనీసి లోపలికొచ్చి కూకున్నాను. నువ్వు లేచి 'మన పిల్లలకి ఇంత పెద్ద పుస్తకం మోయడం కష్టం' అంటంటే, మన పిల్లలంటే ఎవులో నాకు తెలిసిపోయింది. నాను. ఇన్నాళ్ళూ నా పక్కన కూకుని నువ్వు సదివింది ఆ పుస్తకం కాదు. నన్ను. దేవికి అర్థమైతే అందరికీ అర్థమైనట్టే అని సూసుకున్నావు."

"కాదు."

"అన్నావా లేదా?"

తబస్సుమ్‌కి గుర్తుంది. అంది. ఆ మాటలు అచ్చం అలాగే అంది. పది రోజుల కిందట, పుస్తకం సంగతి తేలక, హెచ్చోడీ గది గుమ్మం ముందు పడిగాపులు కాసి కాసి, చివరికి ఆయన కూర్చోమన్నప్పుడు అంది. చిన్న పుస్తకమే ఎందుకు కావాలో ఆయనకి ఎన్ని రకాలుగా చెప్పినా ఎక్కలేదు. అప్పుడు దేవి గుర్తొచ్చింది. దేవి పేరు చెప్పగానే ఆయన ముఖంలో కదలిక వచ్చింది. దాంతో ఇంకా చెప్పింది.

"అన్నాను," అంది తబస్సుమ్. "మంచి కోసమే అన్నాను. నువ్వు ఎంత పైకొచ్చావో చెప్పడానికే."

"పైకి రావడానికి ముందు నాను కిందున్నట్టు సెప్పాల గదా."

"దేవీ, నువ్వు ఆ పేపర్ పోవడం నిజమే కదా?"

ఆ మాట అన్న మరుక్షణం తబస్సుమ్‌కి దాన్ని వెనక్కి తీసుకోవాలనిపించింది. ఎందుకంటే దేవి ముఖంలో కోపం పోయింది. దాని బదులు వచ్చిన బాధ ఇంకా చూడలేనిదిగా ఉంది.

"ఎందుకు పోయింది?" అంది దేవి. "అది కూడా సెప్పినావా ఆయనకి?"

బయట నూకాలు చేపలు తిరగేస్తూ ఈ చివరి మాటలు విన్నట్టుంది. వాళ్ళు దేని గురించి కొట్టుకుంటున్నారో ఆమెకి తెలియదు. ఎప్పటి మాటో వినబడితే తనకి తెలిసింది చెప్పింది, అంతే.

"ఆ పరీచ్చేనా? ఏటి పరీచ్చలే అమ్మా. గాలివానకి ఈళ్ళయ్య బోటు కానరాకుండా పోయింది గదా. నానూ ఈ గుంటా ఒడ్డు మీదే కూకున్నాం. ఎప్పుడు పొద్దెక్కిందో, ఎప్పుడు కుంకిందో తెల్దు. ఒడిశాలో ఎక్కడో ఒడ్డుకి తగిలాడని పోలీసోళ్ళు సెప్పేదాకా దీనికి పరీచ్చ మాటే గుర్తు లేదు."

అని ఆమె మళ్ళీ తన పనిలో పడిపోయింది.

తబస్సుమ్ మర్చిపోలేదు. అదే అన్నిటికన్నా చెడ్డ సంగతి. హెచ్చోడీ గదిలో కూర్చుని దేవి కథ చెబుతున్నప్పుడు ఆ బోటు సంగతి ఆమె నాలుక దాకా వచ్చింది. కానీ అది చెబితే దేవి ఫెయిలవడానికి పుస్తకం కారణం కాకుండా పోతుంది. తన వాదన నిలబడదు. అందుకని మింగేసింది. అంత మామూలుగా మింగేసిందంటే, బయటికొచ్చాక దాని గురించి ఆలోచించలేదు కూడా.

ఆమె చాప మీద కూర్చుండిపోయింది.

"చెప్పలేదు," అంది.

దేవి కాసేపు అటూ ఇటూ నడిచింది. వచ్చి ఎదురుగా కూర్చుంది. ఆమె గొంతు తగ్గింది గానీ మెత్తబడలేదు.

"ఇంకోటి కూడా విను. కోపంతోటే సెయ్యెత్తినాననుకోకు. ఆ పదిహేను లెక్క గుర్తుందా?"

గుర్తుంది. వేసవి మొదట్లో, డాబా మీద, మైనస్ పద్నాలుగు వర్గమూలాన్ని కలుపుకుని చేసే సంఖ్యల లోకంలో పదిహేనుని విడగొట్టారు. మూడూ అయిదుగా విడిపోయింది. ఒకటికి ఆ వర్గమూలాన్ని కలిపినదీ, తీసేసినదీ, వాటిగానూ విడిపోయింది. నాలుగు ముక్కల్లో ఏదీ ఇంక విరగదు. ఒకే సంఖ్యకి రెండు వేర్వేరు విరుపులు. మామూలు అంకెల్లో ఎన్నటికీ జరగనిది.

"ఆ రెండు విరుపుల్నీ కలిపే ముక్కలు కింద ఇంకేవో ఉన్నాయి, అవే ఐడియల్స్ అని ముందు సూసింది ఎవులే? నువ్వా, నానా?"

"నువ్వే."

"పెద్ద పుస్తకంలో సూసి సెప్పినాను. సిన్న పుస్తకం అక్కడిదాకా రావడానికి ఇంకో నెల పట్టేది. నీకు సెప్పలేదు. నువ్వు సిన్నదాన్ని అంత ముద్దుగా పట్టుకునుంటే సెప్పబుద్ధి కాలేదు." దేవి ఊపిరి తీసుకుంది. "రీసెర్చి సీటుకి బెంగుళూరు ఇంటర్వ్యూకి ఎళ్ళినాను గదా. అక్కడేటయిందో ఎవులికీ సెప్పలేదు. పెద్ద పుస్తకంలో ఉండే లోకల్ ఫీల్డ్స్ గురించి అడిగినారు. ఆ పేరే వినలేదు నాను. మన సార్లు మనకి ఎప్పుడూ తేలికైనవే ఇచ్చినారు. మనల్ని కనికరించి ఇచ్చినారు. ఆ కనికరం నన్ను సగం దారిలో దింపీసింది. నా క్లాసులో ఆశ ఉంది గదా, అలాంటి గుంటలు రేపు అలాగే నిలబడాలా? నెమ్మదిగా అయినా పెద్దదే సదవనీ. అంకెలు మనం నేర్పలేమేటి?"

"ఇదంతా నాతో అనొచ్చు కదే."

"అనాలనే అనుకున్నాను. మీటింగులో నీ వైపే సెయ్యెత్తి, అయ్యాక నిన్ను కేంటీన్‌కి లాక్కెళ్ళి, నాలుగు తిట్టి, మళ్ళీ ఓటు పెట్టించి పెద్ద పుస్తకానికి మార్పిద్దాం అనుకున్నాను. గుమ్మం కాడ ఆవిడ ఆ మాట అన్నాక ఇంకేటీ అనాలనిపించలేదు. నువ్వు సిన్నబోవాలనిపించింది. నిన్న నా సెయ్యి పైకెత్తింది అది."

ఆ మాట సూటిగా తగిలింది. తబస్సుమ్ తల వంచుకుంది. తను అడగడానికి వచ్చిన ప్రశ్నకి జవాబు దొరికింది. ఆ జవాబులో సగం తనే ఉంది. అయినా నొప్పి తగ్గలేదు. ఇద్దరూ ఒకరినొకరు ఎక్కడ కొడితే తగులుతుందో అక్కడే కొట్టారు.

ఆమె ఒక్కసారిగా తలెత్తింది.

"కనకరత్నం గారికి ఎలా తెలుసు?"

"ఏటి?"

"నేను ఆవిడతో ఎప్పుడూ మాట్లాడలేదు. ఆ మాట నేనన్నది ఒక్క సార్‌తోనే. ఆయన గదిలో. తలుపు వేసుంది. ఇంకెవరూ లేరు."

 దేవి కనుబొమలు దగ్గరికొచ్చాయి.

"సారు నిన్న పొద్దున్న నన్ను పిలిచినారు," అంది మెల్లగా. "'స్నేహాలు చూడకమ్మా, నీ మనసుకి ఏది సరైందనిపిస్తే దానికే చెయ్యెత్తు' అన్నారు. ఎప్పుడూ లేనిది నాతో అంత మంచిగా మాట్లాడతన్నారేటని అనుకున్నాను. ఆ తరవాత ఆవిణ్ణి ఆయనే తీసుకొచ్చినారు. నన్ను సూపించి, ఆయన లోపలికెళ్ళిపోయినారు."

"ఆయనకి పెద్ద పుస్తకం ఎందుకు?" అంది తబస్సుమ్. "ఆయన దాన్ని తెరిచి కూడా చూడలేదు."

అప్పుడే దేవి ఫోన్ మోగింది. స్టూడెంట్ ఆశ. తండ్రి స్టీల్ ప్లాంట్‌లో కాంట్రాక్ట్ పని, రోజూ గాజువాక నుంచి వస్తుంది. కొత్త పేపర్‌కి మొట్టమొదట పేరిచ్చింది ఆ అమ్మాయే. దేవి స్పీకర్ ఆన్ చేసింది.

"మేడమ్, మీరు రాలేదేటి ఇవాళ? మా అందర్నీ సార్ క్లాసులో కూర్చోబెట్టారు. నంబర్ థియరీ తీసుకున్నోళ్ళందరూ పేర్లు మార్చుకోవాలంటన్నారు. పుస్తకం మనకి అందదంట. ఇవాళే మార్చుకోవాలంట. ఆపరేషన్స్ రీసెర్చ్‌కి మార్చుకుంటే సారే చెప్తారంట. ఏం చెయ్యమంటారు మేడమ్? తబస్సుమ్ మేడమ్ ఫోన్ కలవట్లేదు."

దేవి "వస్తన్నాం, ఆపు" అని ఫోన్ పెట్టేసింది.

ఆపరేషన్స్ రీసెర్చ్ సీతారామాంజనేయులు గారి పేపర్. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఆయనే చెబుతున్నారు, వచ్చే ఏడాది రిటైరవుతారు. కొత్త పేపర్‌కి పిల్లలంతా పేర్లివ్వడంతో ఆ క్లాసు ఖాళీ అయిపోయింది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. కానీ ఆయన ఏనాడూ దాని గురించి ఒక్క మాట అనలేదు. కొత్త పేపర్‌కి నవ్వుతూ సంతకం పెట్టారు. తబస్సుమ్ ఆయన్ని గురువుగారు అనేది. రంజాన్‌కి వాళ్ళింటికొచ్చి సేమ్యా తిని వెళ్ళిన మనిషి.

పేపర్‌ని కాదంటే ఆయనకి చెడ్డపేరు. అందరూ భయపడే పుస్తకం పెట్టించి, పిల్లలు వాళ్ళంతట వాళ్ళే పారిపోయేలా చేస్తే ఎవరూ ఏమీ అనరు. దానికి కావలసింది ఒక్క ఓటు. ఆ ఓటు రావడానికి కావలసింది ఒక్క మాట. ఆ మాటని ఆయనకి తనే ఇచ్చింది.

"ఆయన నన్ను వాడుకున్నాడు," అంది తబస్సుమ్. "నిన్నూ వాడుకున్నాడు."

"ఆయన వాడుకున్నాడు," అంది దేవి. "మాట నీదే."

ఆమె లోపలికెళ్ళి స్కూటీ తాళాలు తెచ్చింది. ఎండలో బండి తిప్పి నిలబెట్టి, తబస్సుమ్ వైపు చూడకుండానే అంది.

"ఎక్కు. నీ కోసం రావట్లేదు నాను. ఆ గుంటల కోసం వస్తన్నాను. దారిలో నాతో మాట్లాడకు."

నూకాలు వెనక నుంచి "అన్నం తిని ఎల్లండే" అని కేకేసింది. ఎవరూ వెనక్కి తిరగలేదు.

దారంతా తబస్సుమ్ మాట్లాడలేదు. దేవి వీపు ఆమెకి జానెడు దూరంలో ఉంది. గతుకుల్లో బండి ఎగిరినప్పుడు మామూలుగా ఆమె నడుం పట్టుకునేది. ఇవాళ వెనక ఉన్న కమ్మీ పట్టుకుంది. తెన్నేటి పార్కు మలుపులో ఒకసారి దేవి భుజాలు కదిలాయి. ఏడుస్తోందో, గాలికి కళ్ళు తుడుచుకుంటోందో వెనకనుంచి తెలియలేదు.

కాలేజీలో మెట్లన్నీ పరుగున ఎక్కారు. క్లాసు తలుపు తీసే ఉంది. సీతారామాంజనేయులు గారు కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్నారు. తెల్లచొక్కా, జేబులో రెండు పెన్నులు, ముఖంలో ఎప్పటి నవ్వే. ఎదురుగా పిల్లలు.

"రండమ్మా, రండి. ఇద్దరూ కలిసే వచ్చారే," అన్నారు. ఆ 'కలిసే' దగ్గర మాత్రం ఆయన చూపు ఒక్క క్షణం ఇద్దరి మధ్యా తిరిగింది. "మంచి సమయానికొచ్చారు. పిల్లలు భయపడుతున్నారు. కమిటీ పెద్ద పుస్తకం పెట్టేసింది, మన చేతిలో ఏముంది? తబస్సుమ్ మేడమే స్వయంగా నాతో అన్నారు, ఇది పెడితే మీరంతా మొదటి నెలలోనే పారిపోతారని. అన్నారు కదమ్మా? మీరే చెప్పండి వీళ్ళకి. నా మాట నమ్మడం లేదు."

 ముందు బెంచీలోంచి ఆశ లేచి నిలబడింది. సార్ వైపు చూడలేదు. తబస్సుమ్‌నే చూసింది.

"మా గురించి అలా అన్నారా మేడమ్?"

లేదనొచ్చు. ఆయన అబద్ధమాడుతున్నారని అనొచ్చు. పిల్లలు నమ్ముతారు. ఆయన కన్నా ఆమెనే నమ్ముతారు. తబస్సుమ్ తలుపు దగ్గరున్న దేవి వైపు చూసింది. దేవి చూపు తిప్పుకోలేదు, సాయమూ చెయ్యలేదు.

"అన్నాను," అంది తబస్సుమ్.

ఆశ ముఖం వాడిపోయింది.  మెల్లగా సార్ వైపు తిరిగింది.

"నా పేరు మార్చీండి సార్."

ఆమె వెనక ఇంకో ఇద్దరు లేచారు. సీతారామాంజనేయులు గారు జేబులోంచి పెన్ను తీశారు.

అప్పుడు తలుపు మూసుకున్న చప్పుడయింది. లోపల గడియ పడిన చప్పుడయింది. అందరూ అటు తిరిగారు. దేవి గడియ మీద నుంచి చెయ్యి తీసి, నడుచుకుంటూ ముందుకొచ్చి, సార్ కుర్చీకీ పిల్లలకీ మధ్య నిలబడింది.

"పేర్లు తరవాత రాద్దాం సార్," అంది. ఏడేళ్ళ ఉద్యోగంలో ఆ గదిలో ఆమె ఎప్పుడూ మాట్లాడని తెలుగులో, ఇంట్లో మాట్లాడే తెలుగులో అంది. "ముందు నా గురించి మీరు కనకరత్నం మేడమ్‌కి ఏటి సెప్పినారో, ఆ మాట ఈ గుంటల ముందు ఇంకోసారి సెప్పండి. ఎందుకు సెప్పినారో కూడా సెప్పండి. మీరు సెప్పకపోతే నాను సెప్తాను."

సీతారామాంజనేయులు గారి ముఖంలో నవ్వు అలాగే ఉంది. పెన్ను పట్టుకున్న చెయ్యి మాత్రం ఆగిపోయింది. ఆయన మూసి ఉన్న తలుపు వైపు చూసి, కుర్చీ పక్కనున్న తబస్సుమ్ వైపు వంగి, ఆమెకొక్కదానికే వినబడేంత నెమ్మదిగా అన్నారు.

"నీ స్నేహితురాలిని ఆపమ్మా. నేను నోరు విప్పితే, ఆ రోజు ఆ గదిలో నువ్వన్న రెండో మాట కూడా బయటికొస్తుంది."

తబస్సుమ్ దేవి వైపు చూసింది. పెద్ద పుస్తకం చెప్పడం దేవి వల్ల కాదన్న ఆ రెండో మాట దేవికి ఇంకా తెలియదు.